మన దుకాణం మాట మనమే రాయాలా?



వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన మన నగరంలో చిన్న వ్యాపారం మీద బతికే కుటుంబాలు ఎన్నో. కొత్తవాడలో మగ్గాల మీద జంపఖానాలు నేసేవాళ్ళు, ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల కారం పట్టించి అమ్మేవాళ్ళు, హనుమకొండ చౌరస్తాలో బట్టల దుకాణాలవాళ్ళు, మోటార్లు వైండింగ్ చేసేవాళ్ళు, ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి డబ్బాల్లో ఊరూరికీ పంపే ఆడవాళ్ళు. వీళ్ళందరికీ ఈ మధ్య ఒకే సలహా వినిపిస్తోంది. “మీ వ్యాపారం గురించి ఇంటర్నెట్‌లో రాయండి, క్రమం తప్పకుండా రాయండి, రాయకపోతే వెనకబడిపోతారు” అని. ఈ మాట చదువుకున్న పిల్లలు చెబుతున్నారు. డబ్బు తీసుకుని రాసిపెడతామని వచ్చేవాళ్ళూ చెబుతున్నారు.

పొద్దున ఏడింటికి షట్టర్ తీసి రాత్రి పదింటికి దించే మనిషికి ఇది చిన్న విషయం కాదు. రాయడానికి సమయం కావాలి, ఓపిక కావాలి, రాసింది నిలబెట్టుకునే ధైర్యం కావాలి. అందుకే ఈ రోజు ఈ ఒక్క ప్రశ్న మీద మాట్లాడుకుందాం. చిన్న వ్యాపారి తన పని గురించి తాను రాయడం మొదలుపెట్టాలా, వద్దా? ఎవరు మొదలుపెట్టాలి? ఎవరు పెట్టకూడదు?

ముందుగా ఒక సంగతి చెప్పాలి. వ్యాపారానికీ రాతకూ మన నేల మీద సంబంధం కొత్తది కాదు. ఓరుగల్లును ఏలిన కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. మోటుపల్లి ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉంది. అంతకు ముందు రాజులు, తుపానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ ఓడల్లోని సరుకంతా లాగేసుకునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చే వర్తకుడికి, ఒడ్డు చేరాక కూడా భయమే. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించాడు. నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమన్నాడు. ఆ సుంకం ముప్ఫయ్యో వంతు అని లెక్కతో సహా చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు, రాతి మీద చెక్కించాడు. దాన్నే చరిత్రకారులు అభయ శాసనం అంటారు.

రాజు మాట ఇస్తే చాలదా, రాతి మీద ఎందుకు చెక్కించాలి? ఎందుకంటే వర్తకుడు దూరం నుంచి వస్తాడు. రాజును చూడలేదు, అధికారులను ఎరగడు. అతనికి నమ్మకం కలగాలంటే షరతు ముందే తెలియాలి, అందరికీ ఒకటే కావాలి, రేపు మారిపోకూడదు. నోటి మాటకు ఈ మూడు గుణాలూ ఉండవు, రాతకు ఉంటాయి. అర్ధ శతాబ్దం తరవాత మార్కోపోలో ఈ రాజ్యాన్ని మోటుపల్లి రేవు పేరుతోనే చెప్పి, ఇక్కడి సన్నని నేతను సాలెగూడు దారాలతో పోల్చాడు. సరుకు గొప్పదే. ఆ సరుకు కోసం దూరదేశాలవాళ్ళు నిర్భయంగా రావడానికి మాత్రం ఆ శాసనం దారి వేసింది.

మరో సంగతి ఓరుగల్లు నడివీధులదే. క్రీడాభిరామం అనే కావ్యంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వాడలన్నీ తిరుగుతారు. అందులో ఒక పూటకూళ్ళ ఇంటి ప్రస్తావన ఉంది. అది ఎవరి ఇల్లో పేరు ఉంది. ఏమేమి వడ్డిస్తారో ఉంది. గోధుమపిండి వంట, పప్పు, నెయ్యి, అరటిపండ్లు, పెరుగు, ఇలా వరసగా. చివరికి ధర ఉంది, ఒక్క రూక. ఆ కావ్యం పుట్టి దాదాపు ఆరు వందల ఏళ్ళు. ఆ రోజుల్లో ఓరుగల్లులో ఇంకా ఎన్నో పూటకూళ్ళ ఇళ్ళు ఉండే ఉంటాయి. ఈ ఒక్కటి మాత్రం మనకు తెలుసు, ఎందుకంటే దాని గురించి ఒకరు వివరంగా రాశారు. ఆ రాతలో “అద్భుతమైన భోజనం, ఒక్కసారి రండి” అనే పిలుపు లేదు. ఎవరిల్లు, ఏం పెడతారు, ఎంత తీసుకుంటారు, అంతే. అది వింటే చాలు, ఆకలి పుడుతుంది. ఈ రోజు వ్యాపారం గురించి రాయబోయే ప్రతివాళ్ళూ ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇక మన వరంగల్ తివాచీల కథ చూడండి. 1851లో లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. దేశదేశాల సరుకులు అక్కడికి చేరాయి. మన వరంగల్ తివాచీలూ వెళ్ళాయి, మెప్పు పొందాయి. ఆ మెప్పుతో ఊరి పేరు నిలిచింది. నేసిన చేతుల పేర్లు మాత్రం ఈ రోజు మన నోళ్ళలో లేవు. వాళ్ళు ఏ రంగు ఎలా అద్దారో, ఒక్కో ముడి ఎలా వేశారో, ఆ వివరం వాళ్ళ ఇళ్ళలోనే ఉండిపోయింది. తెలిసినవాళ్ళు వెళ్ళిపోతే దాన్ని ఎవరిని అడిగి తెలుసుకోవాలి?

పనితనాన్ని అక్షరాల్లో పెడితే ఏమవుతుందో కూడా చూడండి. 2018లో వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. 2025లో వరంగల్ చపాటా మిర్చికి వచ్చింది. అంతకు ముందే పెంబర్తి ఇత్తడి పనికి, చేర్యాల నకాశీ పటాలకు వచ్చాయి. ఈ గుర్తింపు ఎలా వస్తుందో చాలామందికి తెలియదు. సరుకు బాగుందని నోటితో చెబితే రాదు. దరఖాస్తులో ఆ సరుకు లక్షణాలేమిటో రాయాలి. ఏ ఊళ్ళలో తయారవుతుందో పటం గీసి చూపాలి. పాత ఆధారాలు జతచేయాలి. మొదటి నుంచి చివరిదాకా ఎలా తయారుచేస్తారో అంచెలంచెలుగా వివరించాలి. మరెక్కడా దొరకని ప్రత్యేకత ఏమిటో నిరూపించాలి. అంటే తరతరాలుగా చేతుల్లో ఉన్న పనిని ఎవరో కూర్చుని అక్షరాల్లో పెట్టారు. అప్పుడే చట్టం దాన్ని మనదని ఒప్పుకుంది. ఒక ప్రాంతానికి ఈ దరఖాస్తు ఏ పని చేసిందో, ఒక దుకాణానికి దాని యజమాని రాత ఆ పని చేయగలదు.

చేయగలదు అన్నాను, చేసి తీరుతుంది అనలేదు. ఈ తేడా తెలియాలంటే మన తెలుగు వ్యాపారులు ఇద్దరి జీవితాలు చూడాలి.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించింది 1908లో. మధ్యలో పదిహేనేళ్ళు. ఆ పదిహేనేళ్ళూ ఆయన ముందు సరుకును నిలబెట్టారు. సంగీత కచేరీల్లో మందును ఉచితంగా పంచి మనుషులకు దాని గుణం తెలియజేశారని చెబుతారు. వ్యాపారం గట్టిపడ్డాక, ఆ ఆదాయంతో పత్రిక పెట్టి తెలుగుజాతికి సేవ చేశారు. 1914లో ఆంధ్రపత్రిక మద్రాసు నుంచి దినపత్రికగా వచ్చింది. 1924లో భారతి వచ్చింది.

రెండోవారు డాక్టర్ కె.ఎన్. కేసరి గారు. మద్రాసులో కేసరి కుటీరం పేరుతో ఆయుర్వేద మందుల వ్యాపారం నడిపారు. లోధ్ర అనే మందు స్త్రీల కోసం చేసింది. తెలుగు ఇళ్ళలో దానికి మంచి పేరు. ఆయన 1928లో గృహలక్ష్మి అనే మాసపత్రిక ప్రారంభించారు. అది మందుల జాబితా అయి ఉంటే నాలుగు నెలలకు మూతపడేది. అది స్త్రీల పత్రిక అయింది. ఆడవాళ్ళ రచనలు వేసింది. రచయిత్రులను గృహలక్ష్మి స్వర్ణకంకణంతో సత్కరించింది. తన మందు కొనే ఇల్లాలికి ఏం కావాలో ఆలోచించి, ఆమెకు పనికొచ్చేది చేతిలో పెట్టారు కేసరి గారు. ఆమె మనసులో కేసరి కుటీరం పేరు దానంతట అదే నిలిచింది.

అమెరికాలోనూ ఇటువంటిదే ఒకటుంది. నాగళ్ళు చేసే జాన్ డీర్ కంపెనీ 1895లో రైతుల కోసం ది ఫర్రో అనే పత్రిక మొదలుపెట్టింది. అందులో నాగలి గొప్పల కంటే సేద్యం సంగతులే ముఖ్యం. ఆ పత్రిక ఈనాటికీ వస్తోంది.

ఈ ముగ్గురి దగ్గర మనం నేర్చుకోవలసింది రెండు మాటలు. ఒకటి, ముందు సరుకు నిలబడాలి, రాత ఆ తరవాత. సరుకులో లోపం ఉంటే రాత దాన్ని దాచలేదు, పైగా పదిమందికి చూపిస్తుంది. రెండు, రాత కొనేవాడి అవసరం నుంచి పుట్టాలి, అమ్మేవాడి ఆత్రం నుంచి కాదు.

ఇప్పుడు మన దుకాణాల దగ్గరికి వద్దాం. రాయాలా వద్దా అని తేల్చుకోవడానికి మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. మీ గిరాకీ కొనే ముందు ఆలోచిస్తారా? మీ గిరాకీలో దూరంవాళ్ళు ఉన్నారా? వాళ్ళు అడిగే ప్రశ్నకు మీకు మాత్రమే బాగా తెలిసిన జవాబు ఉందా?

వాడకట్టు కిరాణా దుకాణం ఉందనుకోండి. గిరాకీ నాలుగు వీధుల లోపలివాళ్ళు. ఉప్పు, పప్పు, సబ్బు కొనడానికి ఎవరూ పెద్దగా ఆలోచించరు. ఉద్దెర ఖాతా, మంచి మాట, తూకంలో నిజాయితీ, ఇవే ఆ దుకాణానికి ప్రాణం. ఆ యజమాని రాత్రిళ్ళు కూర్చుని వ్యాసాలు రాయడం వల్ల ఒక్క కిలో బియ్యం ఎక్కువ అమ్ముడుపోదు. ఆ సమయం ఆయన నిద్రకో, పిల్లల చదువుకో ఇవ్వడమే మేలు. పొద్దున వేడివేడిగా ఇడ్లీ, దోశ వేసే టిఫిన్ సెంటర్‌కూ అంతే. రుచి అక్కడే తేలిపోతుంది. ఇటువంటివాళ్ళకు నా సలహా స్పష్టం. రాయనవసరం లేదు. రాయకపోతే వెనకబడతారని ఎవరైనా భయపెడితే నమ్మవద్దు.

జంపఖానాలు అమ్మే కుటుంబం సంగతి వేరు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న మనిషి జంపఖానా కొనాలనుకుంటే ఎన్నో అనుమానాలు వస్తాయి. ఇది చేతిమగ్గం మీద నేసిందా, మరమగ్గం మీదదా? ఉతికితే రంగు పోతుందా? ఎండలో ఆరేయవచ్చా? మా గది కొలతకు నేసిస్తారా? ఇంత ధర ఎందుకు? ఈ ప్రశ్నలన్నిటికీ ఆ నేతగాడి దగ్గర జవాబులున్నాయి. పడుగు ఎలా పోస్తారో, పేక ఎలా కొడతారో, ఒక జంపఖానా మగ్గం దిగడానికి ఎన్ని రోజులు పట్టిందో, అందులో ఇంట్లో ఎవరెవరి పని ఉందో ఆయనకు తెలుసు. రెండు వైపులా ఒకే బొమ్మ కనిపించడం, తిరగేసి కూడా పరుచుకోగలగడం ఈ నేతలోని గుణం అని ఆయన చెబితే కొనేవాడికి కొత్త సంగతి తెలుస్తుంది. ధర వెనక ఉన్న శ్రమ తెలిసినవాడు బేరం ఆడే తీరే మారిపోతుంది. ఈ కుటుంబం తప్పకుండా రాయాలి.

చపాటా మిర్చి కారం అమ్మేవాళ్ళూ రాయాలి. బయటి ఊళ్ళవాళ్ళు ఎర్రగా కనిపిస్తే చాలు, మంట ఎక్కువ అనుకుంటారు. చపాటా రంగులో ఘనమైనది, కారంలో సౌమ్యమైనది. కాయ పొట్టిగా, లావుగా ఉంటుంది కాబట్టే దాన్ని టమాటా మిర్చి అని కూడా పిలుస్తారు. తేజ రకం సన్నగా ఉంటుంది, దాని ఘాటు వేరు. పచ్చడికి ఏది వాడాలి, కూరకు ఏది, రెండూ కలిపితే ఏ పాళ్ళలో కలపాలి, తేమ తగలకుండా ఏడాది పాటు ఎలా దాచుకోవాలి? ఈ సంగతి తెలియక చపాటా కొని, కారం లేదని తిట్టుకునేవాళ్ళు ఉంటారు. ముందే రాసి ఉంటే ఆ మనిషి తనకు కావలసింది కొనేవాడు. రాత వల్ల గిరాకీ పెరగడం ఒక లాభం. సరుకు తిరిగి రాకపోవడం, మాట పడకపోవడం అంతకంటే పెద్ద లాభం.

మోటార్ వైండింగ్ చేసే మెకానిక్‌ను తీసుకుందాం. రైతు మోటార్ ఎందుకు కాలిపోతుందో ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా నడపడం, వోల్టేజీ తక్కువగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయడం, బోరులో నీళ్ళు దిగిపోయినా మోటార్ ఆడుతూనే ఉండడం. ఇవి రాసి పెడితే రైతు జాగ్రత్తపడతాడు. అప్పుడు మెకానిక్‌కు ఒక భయం కలగవచ్చు. “అన్నీ చెప్పేస్తే నా దగ్గరికి ఎవరొస్తారు?” అని.

ఈ భయం చాలామంది చేతివృత్తులవాళ్ళలో ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. పనితనం మీదే వాళ్ళ పొట్ట గడుస్తుంది. అయితే ఇక్కడ రెండు రకాల విద్యలున్నాయి. చేసే విద్య ఒకటి, వాడుకునే విద్య ఒకటి. రంగు కలిపే పాళ్ళు, మసాలా కొలత, మగ్గం మీది మెలకువ, ఇవి చేసే విద్య. వాటిని దాచుకునే హక్కు మీకుంది. ఎలా ఎంచుకోవాలి, ఎలా వాడాలి, ఎలా కాపాడుకోవాలి, ఇది వాడుకునే విద్య. దీన్ని దాచుకుంటే మీకు వచ్చేది ఏమీ లేదు, పంచితే వచ్చేది నమ్మకం. మోటార్లు ఎంత జాగ్రత్తగా చూసుకున్నా ఎప్పుడో ఒకప్పుడు చెడిపోతాయి. ఆ రోజు రైతు వెతుక్కుంటూ వచ్చేది, కాలిపోకుండా ఎలా చూసుకోవాలో తనకు చెప్పిన మనిషి దగ్గరికే.

రాయాలని తేల్చుకున్నవాళ్ళకు ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. నోటి మాట గాలికి పోతుంది, రాసింది ఉండిపోతుంది. తప్పు రాస్తే అదీ ఉండిపోతుంది. గానుగ నూనె అమ్ముతూ గుండెజబ్బు పోతుందని, చిరుధాన్యాలు అమ్ముతూ షుగర్ నయమవుతుందని రాసేవాళ్ళను చూస్తున్నాం. ఇది మంచిది కాదు, చట్టం ఒప్పుకోదు కూడా. మందుల పేరుతో కొన్ని జబ్బులు నయమవుతాయని ప్రకటించడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. ఆహార పదార్థాల మీద చేసే ప్రచారానికి 2018లో ఆహార భద్రతా సంస్థ నియమాలు పెట్టింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. మీ షుగర్ మందులు మానేసి మా కొర్రలు తినండి అని ఒక్క మనిషి నమ్మేలా రాసినా, ఆ ప్రాణానికి జవాబు చెప్పవలసింది మీరే.

అలాగే భౌగోళిక గుర్తింపు గుర్తును వాడుకోవాలంటే అధీకృత వాడకందారుగా పేరు నమోదు చేయించుకోవాలి. మన ఊరి సరుకే కదా అని ఊరికే గుర్తు వేసుకోకూడదు. మరమగ్గం మీద నేసిన దాన్ని చేనేత అని రాయడం కొనేవాడికి మోసం, కొత్తవాడలో కాళ్ళు నొప్పులు పెట్టేదాకా మగ్గం ఆడించే నేతన్నకు అంతకు మించిన ద్రోహం. మీకు తెలిసింది రాయండి, చేసింది రాయండి, రుజువు చూపగలిగింది రాయండి.

ఇక ఎక్కడ రాయాలి అన్న మాట. అన్నిటికంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. దానికి రాత అక్కరలేదు, ఖర్చూ లేదు. గూగుల్ మ్యాప్స్‌లో మీ దుకాణం పేరు, చిరునామా, ఫోన్ నంబర్, తెరిచే వేళలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి. దారి తెలియక వెనక్కి పోయే గిరాకీని ఎంత మంచి రాత అయినా తిరిగి తేలేదు. మన దగ్గర చాలా చిన్న దుకాణాలకు ఈ ఒక్క పనే సరిపోతుంది.

తరవాత, మీ రాతకు మీదైన చోటు ఉండాలి. వాట్సాప్ స్టేటస్ ఇరవైనాలుగు గంటల్లో మాయమవుతుంది. వీడియోలు వారం తిరక్కముందే కిందికి జారిపోతాయి. 2020 జూన్ 29న మన ప్రభుత్వం టిక్‌టాక్‌తో కలిపి యాభైతొమ్మిది యాప్‌లను నిషేధించింది. అప్పటిదాకా తమ ప్రచారమంతా టిక్‌టాక్‌లోనే పెట్టుకున్న చిన్న వ్యాపారులకు అంతవరకు చేసినదీ, కూడగట్టుకున్న మనుషులూ ఒక్కసారిగా దూరమయ్యారు. ఆ నిర్ణయం మంచిచెడ్డలు వేరే చర్చ. అద్దె ఇంట్లో గోడ మీద రాసుకున్నది ఇల్లు ఖాళీ చేసిన రోజు అక్కడే వదిలి రావాలి. అందుకే ఇంటర్నెట్‌లో మీ దుకాణం పేరుతో సొంత వెబ్‌సైట్ చిరునామా తీసుకోండి. దానికి ఏడాదికి అయ్యే ఖర్చు మామూలుగా వెయ్యి రూపాయల చుట్టుపక్కల ఉంటుంది. జవాబు అక్కడ రాసిపెట్టి, గిరాకీ అడిగినప్పుడల్లా దాన్నే వాట్సాప్‌లో పంపండి. ఒకసారి రాసింది వందసార్లు పనికొస్తుంది. ఇంటర్నెట్ మీకు కుదరకపోతే ఒక కాగితం అచ్చు వేయించి సరుకుతో పాటు సంచిలో పెట్టండి. అదీ రాతే.

ఏ భాషలో రాయాలి? మీరు గిరాకీతో మాట్లాడే భాషలో. మన వరంగల్ యాసలో మాటలు సహజంగా వస్తే అలాగే రానివ్వండి. బయటి రాష్ట్రాల గిరాకీ ఉంటే ఇంగ్లీషులోనూ పెట్టించండి, తెలుగులో రాసుకున్న తరవాతే. 1922లో ఇనుగుర్తి అనే పల్లెటూరి నుంచి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు తెనుగు అనే వారపత్రిక నడిపారు. నిజాం రాజ్యంలో, తెలుగుకు ఆదరణ లేని కాలంలో, ఒక పల్లెలో ముద్రణ యంత్రం పెట్టుకుని నడిపారు. చేతిలో ఫోను, అందులో తెలుగు అక్షరాలు ఉన్న ఈ కాలంలో, మన ఓరుగల్లు గడ్డ మీద తెలుగులో రాయడానికి వెనకాడవలసిన పని లేదు.

నాకు రాయడం రాదు అనేవాళ్ళూ ఉంటారు. గిరాకీకి మీరు రోజూ నోటితో చెబుతున్నారు కదా. అదే ఫోనులో రికార్డు చేయండి. ఇంట్లో చదువుకున్న అమ్మాయో అబ్బాయో దాన్ని కాగితం మీద పెడతారు. డబ్బులిచ్చి బయటివాళ్ళతో రాయించుకున్నా, ఇప్పుడు వస్తున్న కృత్రిమ మేధతో రాయించుకున్నా, మాట మీది కావాలి, చివరి చూపు మీది కావాలి. మీ మగ్గం చూడనివాళ్ళు రాసిన వాక్యం ఏ ఊరి మగ్గానికైనా సరిపోతుంది. అటువంటి వాక్యం కొనేవాడికి అక్కరలేదు.

ఎంత రాయాలి? వారానికి నాలుగు రాస్తామని మొదలుపెట్టి రెండో నెలలో మానేసేవాళ్ళు ఎక్కువ. ఒక మంచి జవాబు రాయడానికి ఒక పూట పడుతుంది. నెలకు ఒకటో రెండో చాలు, కానీ ఏడాది పాటు ఆపకూడదు. ధరలు మారినప్పుడు, సరుకు మారినప్పుడు పాత రాతను సరిదిద్దాలి. రెండేళ్ళ కిందటి ధర ఇంకా కనిపిస్తుంటే దుకాణం నడుస్తోందో లేదో అని కొత్తవాడు అనుమానపడతాడు. ఆపేసిన రాత అసలు మొదలుపెట్టని రాత కంటే నష్టం చేస్తుంది. ఫలితం కూడా తొందరగా రాదు. మీ ప్రశ్నతోనే వెతుక్కునే మనిషికి మీ జవాబు కనిపించాలంటే నెలలు పట్టవచ్చు. ఆ ఓపిక ఉందో లేదో ముందే తేల్చుకోవాలి.

అలా తేల్చుకోవడానికి ఇంతకుముందు చెప్పిన మూడు ప్రశ్నలతో పాటు ఒక చిన్న పని చేయండి. గల్లాపెట్టె పక్కన ఒక నోటుబుక్కు పెట్టండి. ఒక నెల పాటు గిరాకీ అడిగిన ప్రతి ప్రశ్నా అందులో రాయండి, వాళ్ళు అడిగిన మాటల్లోనే. నెల తిరిగాక చూడండి. “ఎంత?”, “తక్కువకు ఇస్తారా?” అన్నవే కనిపిస్తే, ధరల పట్టిక ఒకటి రాసి గోడకు పెట్టండి, అంతటితో మీ పని అయిపోయింది. మళ్ళీ మళ్ళీ వచ్చిన ప్రశ్నలు పది ఉండి, ఆ పదింటికీ మీ అనుభవంలోంచి జవాబు చెప్పగలిగితే, మీరు రాయవలసినవాళ్ళే. ఆ పది జవాబులూ ముందే రాసి పెట్టుకోండి. పది పూర్తి చేయగలిగితే అప్పుడు సొంత చిరునామా తీసుకుని నలుగురి ముందు పెట్టండి. మూడింటి దగ్గరే ఆగిపోతే సిగ్గుపడనవసరం లేదు. రూపాయి ఖర్చు కాకుండానే మీకు నిర్ణయం తెలిసిపోయింది.

నా తీర్పు ఇది. చిన్న వ్యాపారులందరూ రాయనక్కరలేదు. కానీ చేతిలో ప్రత్యేకమైన పని ఉన్నవాళ్ళు, దూరం గిరాకీతో బతికేవాళ్ళు, కొనేవాడికి చెప్పవలసిన నిజం ఉన్నవాళ్ళు రాయకపోతే, వాళ్ళ సరుకు గురించి ఇతరులు రాస్తారు. దళారి రాస్తాడు, నకిలీ సరుకు అమ్మేవాడు రాస్తాడు. ముఖ్యంగా కొత్తవాడ నేతన్నలకు, పెంబర్తి ఇత్తడి కళాకారులకు, చేర్యాల నకాశీ చిత్రకారులకు, చపాటా పండించే రైతుల కుటుంబాలకు నా విన్నపం ఒక్కటే. మీ పెద్దవాళ్ళకు తెలిసింది వాళ్ళు ఉండగానే అడిగి రాసుకోండి. ఇంట్లో చదువుకున్న పిల్లలున్నవాళ్ళు ఈ పని వాళ్ళకు అప్పగించండి. రేపు పొద్దున దుకాణం తెరవగానే నోటుబుక్కు ఒకటి తీసి, మొదటి గిరాకీ అడిగే మొదటి ప్రశ్న అందులో రాయండి.